పాత కంప్యూటరు, మన ఆదివారాలు: సింగపూర్‌లో ఒక చిన్న చరిత్ర

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో జీతం, లెవీ, ఆసుపత్రి, ఇన్సూరెన్సు గురించి రాస్తూనే ఉన్నాం. ఈసారి మన వాళ్లు ఎక్కువగా అడుగుతున్న ఇంకో సంగతి ఎత్తుకుంటున్నాం. "అన్నా, పాత ల్యాప్‌టాప్ ఒకటి కొనాలి, ఎక్కడ కొనాలి, ఎంత పెట్టాలి, మోసపోకుండా ఎట్లా?" అనేదే ఆ ప్రశ్న. జవాబు నాలుగు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. కానీ ఈ ఊళ్లో పాత కంప్యూటర్లకు పెద్ద చరిత్రే ఉంది, అందులో మనలాంటి వలస కూలీల చెయ్యి మొదటి నుంచీ ఉంది. అది తెలిస్తే ఏ వస్తువుకు ఎంత విలువ కట్టాలో కూడా తెలుస్తుంది.

సింగపూర్ కంప్యూటర్లు వాడటం కంటే ముందు కంప్యూటర్ల ముక్కలు తయారు చెయ్యడం నేర్చుకుంది. 1960ల చివర్లోనే అమెరికా చిప్ కంపెనీలు ఇక్కడ ఫ్యాక్టరీలు పెట్టాయి. 1981లో ఆపిల్ కంపెనీ ఆంగ్ మో కియోలో బోర్డులు తయారు చెయ్యడం మొదలుపెట్టింది. 1982లో సీగేట్ వచ్చింది. కొన్నేళ్లకే ప్రపంచంలో హార్డ్ డిస్కులు ఎక్కువగా తయారయ్యే చోటుగా ఈ చిన్న దీవి పేరు తెచ్చుకుంది. ఆ లైన్ల మీద కూర్చుని స్క్రూలు బిగించింది ఇక్కడి ఆడపిల్లలు, రోజూ కాజ్‌వే దాటి వచ్చే మలేషియా కార్మికులు. పెద్ద కంపెనీల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి, ఆ చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. షిప్‌యార్డుల సంగతీ అంతే, కాబట్టి ఇది మనకు కొత్తగా అనిపించదు.

అదే 1981లో సింగపూర్ ప్రభుత్వం నేషనల్ కంప్యూటర్ బోర్డు పెట్టి ఆఫీసులన్నిటికీ కంప్యూటర్లు ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే సిమ్ వాంగ్ హూ అనే స్థానికుడు ఒక చిన్న రిపేరు దుకాణంతో క్రియేటివ్ టెక్నాలజీ కంపెనీ మొదలుపెట్టాడు. 1989లో వాళ్లు తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు వల్లే ప్రపంచంలో సగం మంది కంప్యూటర్లలో పాట విన్నారు అంటే పెద్ద అబద్ధం కాదు. మన ఊళ్ల నెట్ సెంటర్లలో పాత డబ్బా కంప్యూటర్ మూత విప్పితే ఆ కార్డు కనిపించేది.

ఆఫీసుల్లోకి కొత్త కంప్యూటర్లు వస్తే పాతవి ఎక్కడికి పోవాలి? అక్కడే మన కథ మొదలవుతుంది.

రోచోర్ కెనాల్ రోడ్డు మీద సిమ్ లిమ్ స్క్వేర్ 1987లో తెరిచారు. ఆరు అంతస్తులు, వందల దుకాణాలు. కింది అంతస్తుల్లో కొత్త ఫోన్లు, కెమెరాలు. పైకి వెళ్లేకొద్దీ ర్యాములు, కేబుళ్లు, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాపులు, రిపేర్లు. లిటిల్ ఇండియా నుంచి నడిచి పోయే దూరం. 2015 డిసెంబరులో పక్కనే రోచోర్ ఎమ్మార్టీ స్టేషన్ కూడా వచ్చింది. ఆదివారం టెక్కాలో కూరగాయలు, ముస్తఫాలో సబ్బులూ బిస్కెట్లూ, పెరుమాళ్ గుడి దగ్గర నాలుగు మాటలు, ఆ తర్వాత సిమ్ లిమ్‌లో ఒక రౌండు. చాలా మందికి ఇదే దారి.

సిమ్ లిమ్‌లో కొనే స్తోమత లేని వాళ్లకు సుంగై రోడ్ సంత ఉండేది. 1930ల నుంచి నడిచిన సంత అది, జనం దాన్ని దొంగల బజారు అనేవాళ్లు. నేల మీద గుడ్డ పరిచి పాత గడియారాలు, చెప్పులు, రేడియోలు, చార్జర్లు, కీబోర్డులు, మూత విరిగిన ల్యాప్‌టాపులు అమ్మేవాళ్లు. అమ్మేవాళ్లు ఎక్కువగా ముసలివాళ్లు. కొనేవాళ్లలో మనవాళ్లు, బంగ్లాదేశ్ సోదరులు చాలా మంది. గ్యారంటీ లేదు, బిల్లు లేదు. "ఆన్ అవుతుందా?" అని అడిగితే "ఇంటికి తీసుకెళ్లి చూసుకో" అనేవాళ్లు. అయినా అయిదు డాలర్ల చార్జర్ అక్కడ దొరికేది. 2017 జులై 10న ఆ సంతను శాశ్వతంగా మూసేశారు. నాలుగు నెలలు తిరక్కుండానే ఆ దగ్గర్లో జలాన్ బెసార్ స్టేషన్ తెరిచారు. ఊరు శుభ్రపడిందని కొందరు మెచ్చుకున్నారు. చవక బేరం పోయిందని మాకు మాత్రం బాధే.

ఇప్పుడు కంప్యూటరుతో మనకు ఏం పని పడింది, ఎప్పటి నుంచి పడింది అన్నది చూద్దాం.

1994లో సింగ్‌నెట్ ఇక్కడ మామూలు జనానికి ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాత లిటిల్ ఇండియా వీధుల్లో ఫోన్ కార్డుల దుకాణాల పక్కనే నెట్ సెంటర్లు వెలిశాయి. పాత ఆఫీసు కంప్యూటర్లు, బల్లకు ఒకటి, మధ్య ప్లైవుడ్ అడ్డు. గంటకు డాలరో రెండో. 2003లో స్కైప్ వచ్చాక అసలు సందడి. ఇటు మనిషి ఆదివారం సాయంత్రం ఫలానా గంటకు కూర్చుంటాడు, అటు ఇంట్లోవాళ్లు పల్లె నుంచి బస్సెక్కి పక్క టౌనులో నెట్ సెంటరుకు వస్తారు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక అటువైపు బొమ్మ కొంచెం కదలడం మొదలైంది. పుట్టిన బిడ్డ మొహం మొదటిసారి ఆ మసక తెర మీదే చూసుకున్న తండ్రులు మనలో చాలా మంది ఉన్నారు.

తెలుగు చదవడం మాత్రం అప్పట్లో పెద్ద తంటా. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ సౌకర్యం మామూలు కంప్యూటరులోకి రావడానికి పదేళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. అయితే సెట్టింగుల్లో ఒక గడి టిక్కు పెడితే గానీ అక్షరాలు సరిగ్గా కూడేవి కావు. నెట్ సెంటరువాడు ఆ టిక్కు ఎందుకు పెడతాడు? మనకు కనిపించేవి డబ్బాలు. తెలుగు పేపర్ల సైట్లు తమ సొంత ఫాంట్లు వాడేవి, అవి లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే పనిముట్టును వెన్న నాగార్జున తయారు చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికింది కూడా ఆయనే. 2006లో లేఖిని సైటు వచ్చాక ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు పడేది. తర్వాత సిలికానాంధ్రవాళ్లు మల్లన్న, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు మెనూలతో సహా మొత్తం తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ చేశారు. ఈ పనులు చేసినవాళ్లలో ఎక్కువ మంది జీతం తీసుకోకుండా చేసినవాళ్లే. ఇవాళ ఫోన్లో తెలుగు మెసేజ్ కొట్టగలుగుతున్నామంటే దాని వెనక వాళ్ల రాత్రులున్నాయి.

2016 సెప్టెంబరు 5న జియో మొదలై ఊరూరా డేటా చవకైంది. 2017 ఏప్రిల్ 1న సింగపూర్‌లో 2జీ ఆపేశారు, పాత మీటల ఫోన్లు మూగబోయాయి. అందరి చేతికీ స్మార్ట్‌ఫోన్ వచ్చేసింది. నెట్ సెంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇక కంప్యూటరుతో పనేముంది అనుకున్నాం.

పని ఉందని 2020లో తెలిసింది. ఆ ఏప్రిల్ 5న పొంగోల్‌లో, తో గ్వాన్‌లో ఉన్న రెండు పెద్ద డార్మిటరీలను ఐసొలేషన్ ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రెండిట్లోనే దాదాపు 20 వేల మంది ఉన్నారు. తర్వాత మిగతా డార్మిటరీలకూ తాళాలు పడ్డాయి. పది పన్నెండు మంది ఉన్న గదిలో నెలల తరబడి ఉండిపోయాం. జీతం బ్యాంకులో, రిపోర్టు యాప్‌లో, ఊళ్లో పిల్లల బడి కూడా ఫోన్లోనే. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను పిల్లాడికిస్తే, అమ్మ మనతో మాట్లాడటానికి ఫోను లేదు.

అప్పుడు ఈ ఊళ్లో ఒక మంచి పని జరిగింది. ఇంజనీరింగ్ గుడ్ అనే స్వచ్ఛంద సంస్థ జనం దగ్గర పాత ల్యాప్‌టాపులు సేకరించి, బాగు చేసి, బీద కుటుంబాల పిల్లలకు ఇచ్చింది. వాలంటీర్లు రాత్రీ పగలూ కూర్చుని డిస్కులు మార్చారు, కీబోర్డులు తుడిచారు. అంతకు ముందు కూడా ఈ ఆలోచన ఉంది. 1999లోనే ప్రభుత్వం పాత కంప్యూటర్లు బాగు చేసి బీదవాళ్లకు ఇచ్చే పథకం ఒకటి పెట్టింది, 2006 నుంచి అది నియూ పీసీ పేరుతో నడిచింది. 2014 నుంచి రిపేర్ కోపిటియామ్ అనే కూటమిలో పాడైన వస్తువును పారేయకుండా బాగు చేసుకోవడం నేర్పుతున్నారు. ప్రభుత్వ పథకాలు ఇక్కడి పౌరుల కుటుంబాల కోసం, పర్మిట్ మీద వచ్చిన మనకు వర్తించవు. అందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ ఒక సంగతి గమనించండి. అయిదారేళ్ల కంప్యూటరు చదువుకు చాలునని సింగపూర్ ప్రభుత్వమే ఒప్పుకున్నట్టే కదా. పాతది కొంటే నామోషీ అనుకునే తమ్ముళ్లకు ఈ మాట చెప్పండి.

మనకు కంప్యూటరు ఎందుకంటే సినిమాలకు మాత్రమే కాదు. 2016 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ ప్రతి యజమానీ వివరాలతో పే స్లిప్ ఇవ్వాలి. ఐపీఏ లెటరులో రాసిన బేసిక్ ఎంత, చేతికొచ్చింది ఎంత, ఓటీ ఎన్ని గంటలు అన్నది నెలనెలా దాచుకోవాలి. జీతం తగాదా వస్తే 2017 నుంచి టాడమ్ దగ్గరికి వెళ్లొచ్చు. డబ్బు ఎగ్గొట్టిన రోజు నుంచి ఏడాది లోపు, పని మానేస్తే మానేసిన రోజు నుంచి ఆరు నెలల లోపు ఫిర్యాదు పెట్టాలి. అక్కడ అడిగేది కాగితాలే. ఫోను లారీలో పడి పగిలిపోతుంది, నీళ్లలో పడుతుంది. మా దగ్గరికి వచ్చే తమ్ముళ్లలో "ఫోటోలన్నీ పాత ఫోన్లో ఉండె అన్నా, అది పోయింది" అన్న మాట వినీ వినీ విసిగిపోయాం. ఒక పాత ల్యాప్‌టాపు, ఒక పెన్ డ్రైవు ఉంటే నెలకు పది నిమిషాల పని అది. ఇక ఊళ్లో పొలం పహాణీ, అడంగల్ చూసుకోవాలన్నా, పాస్‌పోర్టు ఫారం నింపాలన్నా, సూపర్‌వైజర్ కోర్సుకు చదవాలన్నా అయిదంగుళాల తెర మీద కళ్లు పోతాయి.

ఇప్పుడు కొనే సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసరు నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా ఉండాలి. అందుకే ఆఫీసులు ఏడెనిమిదేళ్ల థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు గుట్టలుగా వదిలించుకుంటున్నాయి. కంప్యూటరు పాడై కాదు, తేదీ దాటి. ఎక్స్‌పీకి 2014లో, విండోస్ 7కి 2020లో ఇదే జరిగింది. ప్రతిసారీ ఆ కొద్ది నెలల్లో మనకు మంచి సరుకు చవకగా దొరికింది.

మా సలహా ఇది. వంద నుంచి మూడు వందల డాలర్ల లోపు ఆఫీసు రకం ల్యాప్‌టాపు చూడండి. మెరిసే సన్నటి మోడళ్ల కంటే ఇవి గట్టివి, మూత విప్పి ర్యామ్, డిస్కు మార్చుకోవచ్చు. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి. తిరిగే హార్డ్ డిస్కు ఉన్నది ఎంత చవకైనా వద్దు, లేదా దాన్ని తీసి ఎస్ఎస్‌డీ వేయించుకునే ఖర్చు కలిపి లెక్కేసుకోండి. పాత కంప్యూటరు నత్తలా నడిచిందంటే పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు ఆ డిస్కుదే. విండోస్ 11 ఎక్కనిదైతే లినక్స్ మింట్ లాంటిది ఎక్కించుకోండి. ఉచితం, తెలుగు బాగా కనిపిస్తుంది, లిబ్రె ఆఫీసుతో ఉత్తరం, లెక్కల పట్టీ అన్నీ అవుతాయి. విండోస్ 10తోనే ఉండేవాళ్లు 2026 అక్టోబరు 13 వరకు ఇచ్చే అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోవాలి. అది లేకుండా ఆ కంప్యూటరులో బ్యాంకు తెరవొద్దు. ఇంకో మాట, దొంగ కీతో ఎక్కించిన విండోస్‌ను నమ్మి బ్యాంకు పాస్‌వర్డు కొట్టేకంటే ఊరికే ఉండటం మేలు.

దుకాణంలో నిలబడి ఉండగానే చూడాల్సినవి చూడండి. చార్జర్ తీసి పావుగంట బ్యాటరీ మీద నడిపించండి. కీబోర్డులో ప్రతి మీటా నొక్కండి. వైఫై, కెమెరా, మైకు, మూత బిజాగరీలు చూడండి. అన్నిటికంటే ముఖ్యం, దుకాణంవాడి ముందే మొత్తం రీసెట్ చేయించండి. రీసెట్ అయ్యాక తెర మీద ఏదో కంపెనీ పేరు వచ్చి ఆఫీసు ఈమెయిల్ అడిగిందంటే ఆ కంప్యూటరు ఇంకా ఆ కంపెనీ తాళంలోనే ఉన్నట్టు. ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఆన్ చెయ్యగానే నల్ల తెర మీద పాస్‌వర్డు అడిగేవాటి సంగతీ అంతే.

బిల్లు తప్పకుండా తీసుకోండి. 2014 నవంబరులో సిమ్ లిమ్ స్క్వేర్‌లో ఒక వియత్నాం కార్మికుడు 950 డాలర్లిచ్చి ఫోను కొన్నాడు. డబ్బు కట్టాక వారంటీకని ఇంకో 1,500 అడిగారు. ఆ మనిషి దుకాణంలో మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తూ డబ్బు వెనక్కి అడిగిన వీడియో దేశమంతా చూసింది. మరుసటి ఏడాది ఆ దుకాణం యజమానికి 33 నెలల జైలు పడింది. ఆ తర్వాత అక్కడ చాలా మారింది, నిజాయితీగా అమ్మేవాళ్లు అప్పుడూ ఉన్నారు ఇప్పుడూ ఉన్నారు. కానీ ఆ మోకాళ్లు మనం మర్చిపోలేం, ఎందుకంటే అవి మనలాంటి వాడివే. 2012 సెప్టెంబరు నుంచి ఇక్కడ లెమన్ లా ఉంది. దుకాణంలో కొన్న వస్తువులో ఆరు నెలల లోపు లోపం బయటపడితే అది అమ్మినప్పటిదే అని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది అమ్మినవాడే. సెకండ్ హ్యాండ్ వస్తువుకూ ఇది వర్తిస్తుంది, అయితే పాతదానికి పాతదానంత మన్నికే ఆశించాలి. వినకపోతే కేస్ అనే వినియోగదారుల సంఘం ఉంది, స్మాల్ క్లెయిమ్స్ ట్రైబ్యునల్ ఉంది, అక్కడ లాయరు అక్కర్లేదు. కరౌసెల్‌లో ఎవరో మనిషి దగ్గర కొంటే మాత్రం ఈ లెమన్ లా రాదు. అందుకని వస్తువు చేతిలోకి రాకముందు డబ్బు పంపకండి, స్టేషన్ దగ్గర కలిసి చూసి ఇవ్వండి.

ఉచితంగా దొరికే కంప్యూటరు గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఆఫీసు ఖాళీ చేసే పనికి వెళ్తాం, చెత్తకుప్పలో మంచి ల్యాప్‌టాపు కనిపిస్తుంది. సూపర్‌వైజర్ "తీసుకోరా" అంటాడు. పార్తి లియానీ అనే ఇండోనేషియా ఇంటిపని మనిషి సంగతి గుర్తుందా? 2016లో ఆమెను పనిలోంచి తీసేశాక, పాత బట్టలు, సరిగ్గా పని చెయ్యని డీవీడీ ప్లేయరు లాంటివి దొంగిలించిందని కేసు పెట్టారు. కొన్ని ఆ ఇంటివాళ్లు పారేసినవని ఆమె మొత్తుకుంది. 2019లో 26 నెలల జైలు శిక్ష వేశారు. 2020 సెప్టెంబరు 4న హైకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. గెలిచింది, నిజమే. కానీ మధ్యలో నాలుగేళ్లు పోయాయి, ఆ నాలుగేళ్లూ పని లేదు. అందుకని ఎవరైనా పాత కంప్యూటరు ఇస్తే, మంచి మనసుతో ఇచ్చినా సరే, "ఈ వస్తువు ఫలానావాడికి ఇచ్చాం" అని ఒక్క వాట్సాప్ మెసేజ్ అయినా పెట్టించుకోండి. సీరియల్ నంబరు ఫోటో దానికి జత చెయ్యండి. పారేసిన వస్తువుల డబ్బాలో చెయ్యి పెట్టొద్దు.

మన దగ్గరే పూర్తిగా పాడైతే గది కింద పారేయకండి. 2021 జులై నుంచి ఎలక్ట్రానిక్ చెత్తకు వేరే డబ్బాలు పెట్టారు, షాపింగ్ మాల్స్‌లో కనిపిస్తాయి. ఈ దేశంలో ఏటా దాదాపు 60 వేల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగవుతుందని లెక్క. ఇచ్చే ముందు డిస్కు తీసి దగ్గర పెట్టుకోండి. అందులో మీ పాస్‌పోర్టు, ఇంటావిడ ఫోటోలు, బ్యాంకు కాగితాలు ఉంటాయి.

ఊరికి పట్టుకెళ్లడం గురించి కూడా అడుగుతున్నారు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాపు సుంకం లేకుండా ఇండియాకు తీసుకెళ్లొచ్చు, రెండోది పెట్టుకుంటే అడుగుతారు. విడి బ్యాటరీ ఉంటే చేతి సంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వెయ్యకూడదు. ఇక్కడా అక్కడా కరెంటు 230 వోల్టులే కాబట్టి చార్జర్ కాలిపోతుందన్న భయం లేదు. ఇక్కడి ప్లగ్గు చదరం కాళ్లది, అక్కడిది గుండ్రం కాళ్లది. అడాప్టర్ తగిలించి వేలాడదీసే బదులు చార్జర్ ఇటుకకు గుచ్చే తీగ ఒక్కటి మార్చేస్తే చాలు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ దగ్గరా దొరుకుతుంది, మీ మండల కేంద్రంలో సెల్ రిపేరు షాపులోనూ దొరుకుతుంది.